ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర లోయర్ ఎర్లీలో అద్దెకి ఇల్లు చూస్తున్నాం, అక్కడ ఎలా ఉంటుంది?

అందరికీ నమస్తే. వచ్చే నెల హైదరాబాద్ నుంచి వస్తున్నాను. ఆఫీసు రెడింగ్‌లోని గ్రీన్ పార్క్ అనే ఆఫీసుల సముదాయంలో. లోయర్ ఎర్లీలో మూడు బెడ్‌రూముల సెమీ (పక్కింటితో ఒక గోడ కలిసి ఉండే ఇల్లు) ఒకటి ఫోటోల్లో నచ్చింది. కానీ ఏజెంటు పంపిన వీడియోలో వీధి అంతా ఖాళీ, మనిషన్నవాడు కనపడలేదు. మా ఆవిడ, ఆరేళ్ళ బాబు అక్టోబరులో వస్తారు. మేం మియాపూర్ అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్ళం. అక్కడ ఉండగలమా, లేక రెడింగ్ టౌన్‌లోనే ఫ్లాట్ తీసుకోవడం మేలా?

జవాబు (లోయర్ ఎర్లీ అక్క)

తమ్ముడూ, ఏజెంటు నీకు నిజమే చూపించాడు. ఇక్కడ వీధులు అలాగే ఉంటాయి. ఇది 1977 నుంచి ఇరవై ఏళ్ళ పాటు పొలాల మీద విడతలుగా కట్టుకుంటూ వచ్చిన ఊరు. వంకర వీధులు, చాలావాటికి అవతలి కొస మూసేసి ఉంటుంది. అందుకే అక్కడ పని లేనివాడు ఆ వీధిలోకి రాడు. కూరగాయల బండి రాదు, ఇస్త్రీ బండి ఉండదు, మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునే వాళ్ళూ ఉండరు. మధ్యలో పెద్ద అస్డా సూపర్‌మార్కెట్ ఉంది, ఊరివాళ్ళందరూ ఎదురుపడేది అక్కడే. ఆదివారం అలాంటి పెద్ద షాపులు ఆరు గంటలే తెరుస్తారు, చట్టమే అంత. సాయంత్రం వెళ్దాంలే అనుకుంటే పాలు కూడా దొరకవు.

ఇల్లు చూసేముందు ఒక సంగతి. అడ్రసులో రెడింగ్ అని ఉంటుంది గానీ లోయర్ ఎర్లీ మాత్రం రెడింగ్ కౌన్సిల్ కింద లేదు, వోకింగ్‌హామ్ బరో కింద ఉంది. కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను), చెత్త, బాబు స్కూలు అన్నీ వాళ్ళతోనే. చాలామంది కొత్తవాళ్ళు రెడింగ్ సైట్‌లో ఫారం నింపి రోజులు పోగొట్టుకుంటారు. కౌన్సిల్ ట్యాక్స్ కట్టాల్సింది అద్దెకున్న మనమే, ఓనరు కాదు. ఇంటి బ్యాండ్ (పన్ను తరగతి) 1991 నాటి ధరల లెక్కన ఉంటుంది కాబట్టి పక్కపక్క ఇళ్ళకే తేడా రావచ్చు. అద్దె ఎంత అని అడిగిన నోటితోనే బ్యాండ్ ఎంత అని కూడా అడుగు. అక్టోబరు దాకా ఇంట్లో నువ్వొక్కడివే కాబట్టి 25 శాతం తగ్గింపు వస్తుంది. అది అడిగితేనే ఇస్తారు. మీ ఆవిడ రాగానే కౌన్సిల్‌కి చెప్పెయ్.

డిపాజిట్ అయిదు వారాల అద్దె మించి అడగకూడదు (ఏడాది అద్దె 50 వేల పౌండ్లు దాటితే వేరు, ఆ ఇళ్ళు మనకెందుకులే). ఆ డబ్బుని ఓనరు 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టాలి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండు.

ఇక పొరుగువాళ్ళ సంగతి, నువ్వు అసలు అడిగింది ఇదే అనుకుంటా. వాళ్ళంతట వాళ్ళు తలుపు తట్టకపోవచ్చు. పొగరనుకోకు, నిన్ను ఇబ్బంది పెట్టకూడదన్నదే వాళ్ళ మర్యాద. దిగిన వారంలోనే, శనివారం పొద్దున పదకొండుకి అటూ ఇటూ బెల్లు కొట్టి పేరు చెప్పు, బాబు వస్తున్నాడని చెప్పు, చెత్త ఏ రోజు అని అడుగు. గుమ్మంలోనే అయిదు నిమిషాలు, అంతే. లోపలికి రమ్మనలేదని బాధపడక్కర్లేదు. మొదటి రోజే బొబ్బట్ల పళ్ళెం పట్టుకెళ్ళకు, జీడిపప్పు పడనివాళ్ళు ఉంటారు, తీసుకోవాలో వద్దో తెలియక వాళ్ళూ మొహమాటపడతారు. అసలు స్నేహం పార్సిళ్ళతో మొదలవుతుంది. నువ్వు ఆఫీసులో ఉంటే డెలివరీ అబ్బాయి నీ పార్సిల్ వాళ్ళింట్లో పెట్టి పోతాడు, వాళ్ళు లేనప్పుడు నీ ఇంట్లో. క్రిస్మస్‌కి నీ పేరు తప్పు స్పెల్లింగుతో ఒక కార్డు వస్తే నిన్ను వీధిలో మనిషిగా లెక్కేసినట్టే. తిరిగి కార్డు ఇవ్వడం మర్చిపోకు.

మాట్లాడరు గానీ చూస్తారు. చెత్త డబ్బా తప్పు రోజు బయటపెడితే చూస్తారు, ఖాళీ అయ్యాక మూడు రోజులు పేవ్‌మెంట్ మీదే వదిలేస్తే ఇంకా బాగా చూస్తారు. ఇక్కడ ఒక వారం చెత్త, మరో వారం రీసైక్లింగ్. తిండి వ్యర్థాలు మాత్రం వారం వారం తీసుకెళ్తారు. మూత సరిగా పడకపోతే రాత్రి నక్కలొస్తాయి. పగలైతే రెడ్ కైట్ గద్దలు తలమీదే తిరుగుతుంటాయి, బాబు చేతిలో శాండ్‌విచ్ జాగ్రత్త, నవ్వకు.

పార్కింగ్ దగ్గరే మన తెలుగువాళ్ళకి ఎక్కువ గొడవలు. ఇంటి ముందు రోడ్డు ఎవరి సొంతమూ కాదు, చట్టం మాట అది. కానీ అదే చోట ఇరవై ఏళ్ళుగా కారు పెట్టుకుంటున్న పెద్దాయనకి చట్టం చెప్పి నువ్వు గెలిచేదేం లేదు. పండక్కి పది కార్లు వస్తాయంటే ముందే రెండు పక్కలా చెప్పు. ఎవరి డ్రైవ్‌వేకీ అడ్డం పెట్టొద్దని వచ్చేవాళ్ళకీ చెప్పు. దీపావళి రాత్రి ఒంటిగంట దాకా టపాకాయలు కాల్చుకోవచ్చని ఇక్కడి చట్టమే ఒప్పుకుంటుంది, మామూలు రోజుల్లో పదకొండు దాకానే. అయినా పక్కింట్లో కుక్క ఉంటే పొద్దున్నే ఒక మాట వేస్తే వాళ్ళు దాన్ని చూసుకుంటారు.

సెమీ అంటే ఒక గోడ ఉమ్మడి. పొద్దున్న అయిదింటికి మిక్సీ వేస్తే వాళ్ళకి నిద్ర పట్టదు. తాలింపుకి పొగ అలారం మోగుతుంది, వంటింటి తలుపు వేసి, కిటికీ తీసి, అప్పుడు ఆవాలు వెయ్యమని మరదలికి చెప్పు. తాలింపు వాసన పట్టకుండా కోట్లు మాత్రం మేడమీద అల్మారాలో పెట్టండి. చలికాలం బట్టలు రేడియేటర్ల మీద ఆరేస్తే గోడలకి బూజు పడుతుంది, వెళ్ళేటప్పుడు డిపాజిట్లో అదే కోస్తారు.

జవాబు (టౌన్‌లో ఉండే అన్న)

అక్క చెప్పిందంతా ఒప్పుకుంటాను గానీ సలహా మాత్రం వేరు. వాళ్ళు అక్టోబరులో దిగుతారు. ఆ నెలాఖరు ఆదివారం గడియారం గంట వెనక్కి పోతుంది, డిసెంబరుకి నాలుగింటికే చీకటి. నువ్వు ఆఫీసుకి పోతే ఆవిడ ఆ మూసుకున్న వీధిలో ఒక్కతే. కారు నడపడం రాకపోతే ఇంకా టెన్షన్. మొదటి ఆరు నెలలు స్టేషన్ దగ్గర ఫ్లాట్ తీసుకోండి, వేసవిలో మారండి.

జవాబు (లోయర్ ఎర్లీ అక్క)

అన్నయ్య చెప్పిన చీకటి నిజమే, దానికి మందు లేదు. కానీ పిల్లాడున్నవాళ్ళకి ఆరు నెలల్లో ఇల్లు మారడమంటే మళ్ళీ కొత్త స్కూలు. ఆ స్కూలు గేటు దగ్గరే మరదలికి మనుషులు దొరుకుతారు, రోజూ రెండుసార్లు వెళ్తుంది కదా. కారు లేకపోయినా యూనివర్సిటీ మీదుగా టౌన్‌కి 21 నంబరు బస్సుంది. నడవగలిగితే మెయిడెన్ ఎర్లీ చెరువు ఉంది, బాతులున్నాయి, బాబుకి చాలు. కూరగాయలకి వోకింగ్‌హామ్ రోడ్డు. ఆవిడకి మన లైసెన్సు ఉంటే వచ్చిన రోజు నుంచి 12 నెలలు దానిమీదే కారు నడపొచ్చు, ఆలోగా ఇక్కడి పరీక్ష పాసవ్వాలి. స్టీరింగూ కుడివైపే, రోడ్డుకి ఎడమవైపే కాబట్టి సగం భయం లేదు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నా మనకి ఇక్కడ ఓటు ఉంది, కామన్‌వెల్త్ దేశం కాబట్టి. కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటుకి కూడా. దిగగానే ఓటర్లలో నమోదు చేసుకో, అప్పులకి, ఫోన్ కాంట్రాక్టులకి చూసే క్రెడిట్ స్కోరుకి అది పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు

థాంక్యూ అక్కా, అన్నా. మా ఆవిడకి చదివి వినిపించాను. ఇల్లే తీసుకుందాం అంది. సామాను సర్దుతున్నాం, కుక్కర్ ఇక్కడినుంచి తెమ్మంటారా?

జవాబు (లోయర్ ఎర్లీ అక్క)

పొయ్యి గ్యాసా, ఇండక్షనా అని ముందు ఏజెంటుని అడుగు. ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ పని చెయ్యదు, అడుగున అయస్కాంతం అంటుకునేది కొనుక్కురండి. బాబు టీకాల కార్డు, పాత స్కూలు రిపోర్టులు చెకిన్ బ్యాగులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోమను. అడ్రసు ఖరారవ్వగానే వోకింగ్‌హామ్ సైట్‌లో ఏడాది మధ్యలో చేరేవాళ్ళ ఫారం నింపు. దగ్గరి స్కూల్లో సీటు ఖాళీ లేకపోతే దూరం స్కూలు ఇస్తారు, అది కూడా చూసుకుని ఇంటికి సంతకం పెట్టు.