ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే చోటు ఏదైనా ఉందా?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నకి 58 ఏళ్లు, కొబ్బరి రైతు. కిడ్నీలు పాడై 8 నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. వైద్యం ఎలాగో నడుస్తోంది. నా బాధల్లా ఆయన మాట్లాడటం మానేయడమే.

కొబ్బరి చెట్ల కిందే బతికిన మనిషి. పొటాషియం ఎక్కువని ఇప్పుడు బొండం నీళ్లు ముట్టకూడదు. మొన్న తోటలో దింపు జరుగుతుంటే గట్టు మీద కూర్చుని, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న ఎడమ చెయ్యి పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. ఆ చోట వేళ్లు ఆనిస్తే లోపల రక్తం జుయ్యిమని పారడం తెలుస్తుంది. అది ఆగిపోతుందేమోనని రోజుకి పదిసార్లు తడిమి చూసుకుంటారు.

మా ఊళ్లో ఈ జబ్బుతో పోయినవాళ్లనే చూశారాయన, ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లని చూడలేదు. "ఇంకెన్నాళ్లులే" అంటారు.

సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస వైపు రోగులు, ఇంట్లోవాళ్లు నెలకోసారైనా కలుసుకునే బృందం ఉందా? లేదంటే, ఐదారేళ్లుగా డయాలసిస్ మీద ఉంటూ పనులు చేసుకుంటున్నవాళ్లు ఎవరైనా నాన్నతో ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడగలరా? నేను హైదరాబాద్‌లో ఉంటాను. నేరుగా కలుస్తామంటే సెలవు పెట్టి వచ్చి ఆయన్ని నేనే తీసుకొస్తాను.

ఇంకొకటి, దాహం ఎలా ఆపుకుంటున్నారు? డాక్టరు గారు రోజుకి లీటరు లోపే తాగమన్నారు. ఈ ఎండల్లో అమ్మ నీళ్ల చెంబు దాచేస్తోంది, రోజూ ఇద్దరికీ అదే గొడవ.