హార్డ్ డిస్క్ లేదు, కరెంటు పోతూ ఉంటుంది: రాస్ప్‌బెర్రీ పై బోర్డులో ఎస్‌డీ కార్డు నిలవాలంటే?

బోరుబావి:
రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు), 2 జీబీ ర్యామ్, దాని మీద పై ఓఎస్ బుక్‌వార్మ్ లైట్ (లినక్స్). ట్యాంకు నీటిమట్టం నిమిషానికోసారి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాయాలి. కరెంటు చెప్పాపెట్టకుండా పోయే చోటు, యూపీఎస్ లేదు. ఎఫ్‌స్టాబ్‌లో (డిస్కుల మౌంట్ సెట్టింగుల ఫైలు) నోఎటైమ్ (ఫైలు చదివిన టైమ్ రాయొద్దనే ఆప్షన్) పెడితే సరిపోతుందా?

చిప్పులడబ్బా:
సరిపోదండి. లినక్స్‌లో రెల్‌ఎటైమ్ (చదివిన టైమ్‌ని అరుదుగానే రాసేది) ఎలాగూ డిఫాల్టే, నోఎటైమ్‌తో అదనంగా మిగిలేది కొంచెమే. ముందు కార్డు మీద ఎవరు రాస్తున్నారో చూడండి. ఐఓటాప్‌ని (ఏ ప్రోగ్రామ్ ఎంత రాస్తోందో చూపే టూల్) -ఏఓ తో గంటసేపు వదిలేస్తే తెలిసిపోతుంది. మామూలుగా జర్నల్‌డీ (సిస్టమ్ లాగ్‌లు రాసేది), స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు కార్డు మీద వాడే చోటు), మీ డేటాబేస్. జర్నల్‌డీ కాన్ఫ్‌లో స్టోరేజ్=వొలటైల్, రన్‌టైమ్‌మ్యాక్స్‌యూజ్=32ఎం పెట్టండి, లాగ్‌లు ర్యామ్‌లోనే ఉంటాయి. స్వాప్ ఆపేయండి, ఈ పనికి 2 జీబీ ధారాళం.

టంకం:
అవి అరుగుదలకి మందు. కరెంటు పోవడం వేరే జబ్బు. మనం 4 కేబీ రాయమన్నా, కార్డు లోపలి కంట్రోలర్ దానికోసం పెద్ద ఎరేజ్ బ్లాకునే (ఒకేసారి చెరపాల్సిన ముక్క) సర్దాల్సి రావచ్చు. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే మీరు ముట్టుకోని ఫైళ్లు కూడా పోవచ్చు. ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) జర్నల్ దీన్ని ఆపలేదు, దెబ్బ తగిలేది దాని కిందే కదా.

అందుకని రూట్ (ఓఎస్ ఉన్న పార్టిషన్) మీద అసలు రాయనివ్వకండి. రాస్పీ-కాన్ఫిగ్‌లో (సెట్టింగుల మెనూ) పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్, అందులో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్. బూట్ పార్టిషన్‌కి రైట్ ప్రొటెక్ట్ కావాలా అని అడిగితే అవుననండి. ఇక రాతలన్నీ ర్యామ్‌లోకి పోతాయి, రీబూట్‌తో మాయం. అప్‌డేట్ చేయాలంటే ఓవర్‌లే తీసి రీబూట్, అప్‌డేట్, మళ్లీ పెట్టి రీబూట్. విసుగే, తప్పదు.

నిశాచరుడు:
డేటాకి అదే కార్డులో ఇంకో పార్టిషన్ చాలదా అన్నా?

టంకం:
పార్టిషన్ గీతలు మనకే, కంట్రోలర్‌కి వాటితో పనిలేదు. డేటాకి విడిగా యూఎస్‌బీ స్టిక్ పెట్టడం నయం. ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ ఉండాలి, లేకపోతే స్టిక్ చచ్చిన రోజు బోర్డు ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

చిప్పులడబ్బా:
ఎస్‌క్యూలైట్‌కి వాల్ మోడ్ (మార్పుల్ని ముందు విడి ఫైలులో రాసే పద్ధతి), సింక్రనస్=నార్మల్. నిమిషానికో కమిట్ వద్దు. 10 నిమిషాల రీడింగులు పోగేసి ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయండి. కరెంటు పోతే ఆఖరివి కొన్ని పోవచ్చు, ఎస్‌క్యూలైట్ వైపు నుంచి ఫైలు మాత్రం చెడదు.

బోరుబావి:
అన్నీ పెట్టాను. స్టిక్ మౌంట్ అవుతోంది, రాస్తోంది, రీబూట్ అయ్యాక చూస్తే కొత్త రీడింగులు లేవు!

నిశాచరుడు:
బూట్ పార్టిషన్‌లోని సీఎండీలైన్ టెక్స్ట్ ఫైల్ తెరవండి. ఓవర్‌లేరూట్=టెంప్‌ఎఫ్‌ఎస్ అని మాత్రమే ఉంటే కింద మౌంటయ్యే మిగతావాటికీ ఓవర్‌లే పడుతుంది, మీ స్టిక్‌తో సహా. దాని పక్కనే ఖాళీ వదలకుండా కోలన్ పెట్టి రికర్స్=0 చేర్చండి. బూట్ పార్టిషన్ లాక్ అయి ఉంటుంది, ముందు రీడ్-రైట్‌గా రీమౌంట్ చేయాలి. ఆ ఫైల్ మొత్తం ఒకే లైనులో ఉండాలి, ఎంటర్ కొట్టారో బూట్ కాదు.

టంకం:
గడియారం సంగతీ చూసుకోండి. పై 4లో ఆర్టీసీ (కరెంటు పోయినా టైమ్ నడిపే గడియారం చిప్) లేదు. ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే ప్రోగ్రామ్ ఫైలులో దాచుకునే టైమ్ కూడా ఇప్పుడు రీబూట్‌తో పోతుంది, నెట్ లేనప్పుడు పాత తేదీతో రీడింగులు పడతాయి. డీఎస్3231 ఆర్టీసీ మాడ్యూల్ కొని కాన్ఫిగ్ టెక్స్ట్‌లో డీటీఓవర్‌లే=ఐ2సీ-ఆర్టీసీ,డీఎస్3231 రాయండి. కరెంటు 3.3 వోల్టుల పిన్ నుంచే ఇవ్వండి. 5 ఇస్తే మాడ్యూల్‌లోని పుల్-అప్ రెసిస్టర్ల ద్వారా అదే 5 వోల్టులు పై బోర్డు పిన్నులకి ఎక్కుతాయి, అవి తట్టుకోలేవు.