క్రీపింగ్ ఫ్లాక్స్ మధ్యలో ఎండిపోతోంది, కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుందా?

మేముండేది న్యూజెర్సీలో. డ్రైవ్‌వే పక్కన వాలు మీద 2023 సెప్టెంబర్‌లో ఆరు క్రీపింగ్ ఫ్లాక్స్ (నేల మీద చాపలా పాకే పూలమొక్క) మొక్కలు పెట్టాను, 18 అంగుళాల ఎడంతో. బంకమట్టి నేల, రోజూ ఆరేడు గంటల ఎండ. మొదటి ఏప్రిల్‌లో ఆకు కూడా కనపడనంతగా గులాబీ రంగులో విరగబూశాయి, ఎంత ముచ్చటేసిందో!

ఈసారి పూలు అంచుల్లోనే వచ్చాయి, ప్రతి మొక్కకీ మధ్యలో జానెడు మేర గోధుమరంగుకి తిరిగిపోయింది, వేలితో తాకితే సూదుల్లాంటి ఆకులు పొడిపొడిగా రాలుతున్నాయి, కింద కాడ మాత్రం పుల్లలా గట్టిగానే ఉంది.

నీళ్లు చాలట్లేదేమోనని మూడు వారాలు రోజు విడిచి రోజు పెట్టాను, మార్పు లేదు. 10-10-10 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) కొద్దిగా చల్లితే అంచులు ఇంకా సాగాయి కానీ మధ్యలో ఒక్క చిగురూ లేదు. ఆకుల రసం పీల్చే నల్లి పట్టిందేమోనని తెల్ల కాగితం మీద దులిపి చూశాను, ఏమీ కదల్లేదు. నాటినప్పటి నుంచి ఒక్కసారి కూడా కత్తిరించలేదు, నాకు అనుమానం అక్కడే.

పెంచినవాళ్లు చెప్పండి ప్లీజ్: ఇప్పుడు పూలు అయిపోగానే సగానికి కత్తిరిస్తే ఆ ముదురు కాడలు మళ్లీ చిగురిస్తాయా, లేక మధ్య భాగం తీసేసి అంచు కొమ్మలే అక్కడ నాటుకోవాలా?