ఎన్సెనాడా బండి మీద పచ్చి గుల్లలు: అమ్మకి పెట్టొచ్చా?

గోదారి గట్టు
అందరికీ నమస్కారం. మేం సాన్ డియాగోలో ఉంటాం. వచ్చే నెల అమ్మానాన్నలను తీసుకుని మెక్సికోలోని ఎన్సెనాడా వెళ్తున్నాం. బాహా కాలిఫోర్నియాలో పసిఫిక్ ఒడ్డున ఉన్న ఊరు, బోర్డర్ దాటాక కారులో గంటన్నర దూరం. అక్కడ వీధి బండ్ల మీద గుల్లలు, రొయ్యలు, చేప ముక్కలు నిమ్మరసం పిండి పచ్చిగానే ఇస్తారు. దీని మీద ఇంట్లో రెండు రోజులుగా ఒకటే వాదన. "అక్కడిదాకా వెళ్లి బండి దగ్గర తినకపోతే వెళ్లడం ఎందుకు" అని మా ఆవిడ అంటుంది. "అక్కడ కుళాయి నీళ్లే తాగొద్దంటారు, పచ్చి చేప ఎలా తింటార్రా" అని నాన్నగారు. అమ్మది అంతర్వేది దగ్గర పల్లె, చేపంటే ప్రాణం. వయసు 63, పదేళ్లుగా షుగర్ ఉంది. ఒక్కసారి రుచి చూస్తానంటోంది. మీరైతే ఏం చేస్తారు?

రెండో ప్లేటు
తినండి, తినిపించండి. ఆరేళ్లలో పది సార్లయినా వెళ్లి ఉంటాను. ఊరి మధ్యలో లా గెర్రెరెన్సే అనే బండి ఉంది, 1960ల నుంచి అదే కుటుంబానిది. ఇప్పుడు నడిపే సబీనా బందేరా గెర్రెరో రాష్ట్రం నుంచి వచ్చిన ఆవిడ, బండి పేరు అందుకే అలా వచ్చింది. తోస్తాదా అంటే కరకరలాడే మొక్కజొన్న రొట్టె. దాని మీద ఎరీసో (ఒళ్లంతా ముళ్లుండే సముద్రజీవి లోపలి పసుపుపచ్చ గుజ్జు), పైన గుల్లల మాంసం, అవకాడో ముక్కలు. ముందు వరసగా పచ్చళ్ల సీసాలు పెట్టి ఉంటాయి, అన్నీ ఆవిడ చేసినవే. మొదటిసారి తిన్నప్పుడు కాసేపు మాట రాలేదు నాకు.

బండి అనగానే మురికి అనుకుంటాం. కానీ బండి దగ్గర మన కళ్ల ముందే గుల్ల విప్పుతారు, ఐస్ ఉందో లేదో కనబడుతుంది, చేతులు ఎప్పుడు కడిగారో కనబడుతుంది. పెద్ద హోటల్ వంటగదిలో ఏం జరుగుతుందో ఎవరు చూశారు? ఆ దేశంలో నాకు కడుపు పాడైంది ఒక్కసారే, అది కూడా ఏసీ హోటల్ బఫేలో. మూడు రోజులు మంచం దిగలేదు.

ఇంకో మాట. అక్కడివాళ్లు ఇలాంటివి పగలే తింటారు. పొద్దున సరుకు దిగుతుంది, మధ్యాహ్నం దాటేసరికి అయిపోతుంది. జనం లేని బండి దగ్గర, సాయంత్రం మిగిలిన సరుకు దగ్గర ఆగకండి.

ల్యాబ్ కోటు
నేను ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పై మిత్రులు బండి గురించి చెప్పిన దాంట్లో చాలావరకు నిజమే. కానీ ప్రశ్న బండి గురించి కాదండీ, పచ్చి గుల్ల గురించి.

నిమ్మరసం పడగానే చేప తెల్లబడుతుంది, గట్టిపడుతుంది. అది చూసి ఉడికిందనుకుంటాం. పులుపుకి మాంసకృత్తులు మారతాయి గానీ సూక్ష్మజీవులన్నీ చావవు. పైపైన ఉన్నవి కొన్ని పోతాయి, లోపలివి ఉంటాయి. గుల్లలు, ఆల్చిప్పల సంగతి ఇంకా వేరు. అవి రోజుకు పదుల లీటర్ల నీళ్లు వడకట్టుకుని బతుకుతాయి కాబట్టి నీళ్లలో ఏముంటే అది వాటి ఒంట్లో పోగవుతుంది. విబ్రియో అనే బాక్టీరియా, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ ఏ వైరస్ అన్నీ ఈ దారినే వస్తాయి. బండివాడు ఎంత శుభ్రంగా ఉన్నా గుల్ల లోపల ఉన్నదాన్ని కడగలేడు.

ఇక అమ్మగారి విషయం. విబ్రియోల్లో వల్నిఫికస్ అనే రకం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి చాలావరకు విరేచనాలతో సరిపెడుతుంది. కాలేయ జబ్బు, షుగర్, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లలో రక్తంలోకి ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది. అరుదే, కాదనను. కానీ ఆ అరుదైన వరసలో ముందు నిలబడేది ఇలాంటివాళ్లే. దయచేసి ఆవిడకి పచ్చివి పెట్టకండి.

చెరువు గట్టు
భీమవరం దగ్గర రొయ్యల చెరువులు మావి. రోజూ చూసేదే కాబట్టి రాస్తున్నాను.

మన చెరువుల్లో ఇప్పుడు పెంచే వెనామీ మన రొయ్య కాదు. మెక్సికోలోని సొనోరా నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. 2009లో మన దేశంలో అనుమతి వచ్చాక టైగర్ రొయ్యని పక్కకి నెట్టేసింది. అక్కడ సినలోవా రాష్ట్రంలో అదే రొయ్యని నిమ్మరసం, చిల్తెపీన్ అనే చిటికెడంత మిరపకాయ, కీరా, ఎర్ర ఉల్లిపాయతో కలిపి ఆగ్వాచీలే అంటారు. పోసిన వెంటనే తినేస్తారు, నానబెట్టేది కూడా ఉండదు.

మేం వారం వారం చెరువు నీళ్లు ల్యాబ్‌కి ఇచ్చి విబ్రియో లెక్క చూపించుకుంటాం. ల్యాబ్ ప్లేటు మీద పసుపు కాలనీలు (బాక్టీరియా గుంపులు) కొన్ని ఉన్నా ఊరుకుంటాం, ఎక్కువ హాని చేసే గ్రీన్ కాలనీలు పెరిగాయంటే ఆ రాత్రి నిద్రుండదు. నీళ్లు వెచ్చబడేకొద్దీ అవి పెరుగుతాయి. పట్టుబడి అయిన నిమిషం నుంచి కేజీ రొయ్యకి కేజీ ఐస్ వేస్తాం. ఒక గంట అశ్రద్ధ చేస్తే తల నల్లబడుతుంది, కొనేవాడు వెనక్కి పంపిస్తాడు. ఇంత చూసే నేను మా చెరువు రొయ్యని కూడా పచ్చిగా నోట్లో పెట్టుకోను.

"తాజా" అనే మాటకి అందరం లొంగిపోతున్నాం. ఎన్సెనాడా బండి మీది రొయ్య ఆ ఒడ్డున పట్టింది అనుకోకండి. ఎక్కువగా సినలోవా, సొనోరా వైపు నుంచి వస్తుంది. ఎంత దూరం వచ్చింది, దారిలో ఐస్ ఎంతసేపు ఉందన్నదే అసలు లెక్క.

రెండో ప్లేటు
చెరువు గట్టు గారూ, రొయ్య సంగతి నిజంగా తెలియదు, థాంక్స్. కానీ గుల్లల సంగతి వేరు కదా? ఎన్సెనాడా ముందు సముద్రంలోకి ఉత్తరం నుంచి చల్లటి ప్రవాహం వస్తుంది. ఆల్చిప్పలు దక్షిణాన సాన్ కింతీన్ అఖాతంలో పెంచుతారు, అమెరికాకి కూడా ఎగుమతి చేస్తారు. సాన్ డియాగో రెస్టారెంట్లో ప్లేటులో పెట్టి డబ్బున్నవాళ్లకి అమ్మితే ఎవరూ అడగరు. ఫుట్‌పాత్ మీద అమ్మేసరికి అందరికీ భయం. తెల్లవారుజామున లేచి కష్టపడే ఆ బండివాళ్ల గురించి తక్కువగా మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది.

ల్యాబ్ కోటు
బండివాళ్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదండీ. సాన్ డియాగో రెస్టారెంట్లో పచ్చి ఆల్చిప్ప అయినా అమ్మగారికి వద్దనే చెబుతాను. చల్లటి నీళ్లలో విబ్రియో తక్కువన్న మాట కూడా సరైనదే. సినలోవా దక్షిణాన 2003-04లో వెయ్యికి పైగా జనం విబ్రియో పారాహీమోలిటికస్ అనే ఇంకో రకంతో జబ్బుపడ్డారు. పచ్చి రొయ్యలు, సగం ఉడికిన రొయ్యలే కారణం. అది వెచ్చటి నీళ్ల ప్రాంతం. అయితే నోరోవైరస్‌కి నీళ్ల చలితో పనిలేదు.

ఇంకొకటి మర్చిపోకండి. మరెయా రోహా అంటే ఎర్రపోటు. సముద్రంలో ఒక రకం నాచు విపరీతంగా పెరిగినప్పుడు గుల్లల్లో విషం చేరుతుంది. అది ఉడికించినా పోదు. అలాంటప్పుడు మెక్సికో ఆరోగ్య సంస్థ కోఫెప్రిస్ ఆ తీరంలో గుల్లలు పట్టడం ఆపేయిస్తుంది. వెళ్లే ముందు ఆ హెచ్చరిక ఏమైనా ఉందేమో చూసుకోండి. ఉంటే ఎవ్వరూ తినొద్దు, ఉడికించినవి కూడా.

గోదారి గట్టు
అందరికీ ధన్యవాదాలు. అమ్మ పక్కన కూర్చుని అన్నీ చదివించుకుంది. పచ్చివి వద్దని ఒప్పుకుంది గానీ ముఖం చిన్నబోయింది. అక్కడిదాకా వచ్చి హోటల్లో పప్పన్నం తినాలా అంటోంది. బండి దగ్గర ఉడికినవి దొరకవా? మా బాబుకి ఆరేళ్లు, వాడి సంగతి కూడా చెప్పండి.

రెండో ప్లేటు
ఎందుకు దొరకవండీ! ఆ ఊరు పేరు మోసిందే చేప టాకోలకి. తాకో దే పెస్కాదో అని అడగండి. చేప ముక్కని మన బజ్జీలాగా పిండిలో ముంచి నూనెలో వేస్తారు, మీ ముందే. మొక్కజొన్న రొట్టెలో పెట్టి సన్నగా తరిగిన క్యాబేజీ, మీగడలాంటి సాస్ వేస్తారు. మెర్కాదో నెగ్రో అనే చేపల మార్కెట్ ఉంది, దాని చుట్టూ అవే దుకాణాలు. బండ్ల మీద ఆక్టోపస్, అదే పుల్పో, ఉడికించే వేస్తారు. రొయ్య కావాలంటే "కమరోన్ కొసీదో" అనండి, ఉడికిన రొయ్య అని అర్థం. అమ్మగారిని ముందు మార్కెట్‌లోకి తీసుకెళ్లండి. చేపలు చూశాక ఆవిడే బయటికి రారు.

నేను మాత్రం ఎరీసో మానను. నాకు 34 ఏళ్లు, ఏ జబ్బూ లేదు, తెలిసే తింటున్నాను. ల్యాబ్ కోటు గారు చెప్పింది చదివాక ఒక్కటి మారుస్తాను: మా నాన్నకి కాలేయం బాగోదు, పోయినసారి ఆయనకీ పెట్టాను. ఇక పెట్టను.

ల్యాబ్ కోటు
బాబుకీ పచ్చివి వద్దు. నూనెలోంచి అప్పుడే తీసిన టాకో ఇద్దరికీ పెట్టండి. అయితే వాళ్లు గుల్లలు విప్పిన చేత్తోనే, అదే చెక్క మీద క్యాబేజీ తరుగుతున్నారేమో ఒక్క నిమిషం నిలబడి చూడండి. తరుగుతుంటే పక్క బండికి వెళ్లండి.