‘సెంట్రిస్ట్’ అంటే మితవాదా, తటస్థుడా?

ప్రశ్న: ఒక అనువాదంలో ‘సెంట్రిస్ట్’కు ‘మితవాది’ అని రాశాను. ఎడిటర్ గారు ‘తటస్థుడు’ అని దిద్దారు. ఏది సరైనదండీ?

జవాబు: రెండూ సరిపోవండీ. రాజకీయాల్లో కుడి, ఎడమ పక్షాలకు నడుమ నిలిచేవాడు కాబట్టి ‘మధ్యేవాది’ అని రాయండి.

మితవాదం మోతాదును చెప్పే మాట. 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పుడు మితవాదులు, అతివాదులు అన్నది పోరాట పద్ధతిని బట్టి. ఆ తర్వాత మన పత్రికలు ‘రైట్’కు కూడా అదే మాట వాడాయి. దాంతో ‘ఫార్ రైట్’ కాస్తా ‘తీవ్ర మితవాదం’ అయి కూర్చుంది. మితం తీవ్రమెలా అవుతుంది? ‘రైట్’ను ‘కుడిపక్షం’ అనేసి, మితవాదాన్ని ‘మోడరేట్’కే వదిలేస్తే ఈ చిక్కు ఉండదు.

కుడి, ఎడమ అనేవి కూర్చున్న చోటును బట్టి వచ్చాయి. 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో రాజుకు వీటో (చట్టాన్ని ఆపే అధికారం) ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడివైపు, వద్దన్నవాళ్లు ఎడమవైపు చేరారు. 1792 నాటి కన్వెన్షన్ అనే ఫ్రాన్స్ చట్టసభలో ఏ వర్గానికీ కట్టుబడనివాళ్లు కింది వరుసల్లో కూర్చునేవారు. వాళ్లను ‘మైదానం’ అనేవారు, గిట్టనివాళ్లు ‘బురదనేల’ అనేవారు. సంఖ్యలో మాత్రం వాళ్లే ఎక్కువ. 1794లో విప్లవ నాయకుడు రోబెస్పియర్ కూలిపోయింది వాళ్లు కూడా ఎదురు తిరిగాకే. అలాంటివాళ్లను తటస్థులని ఎలా అంటాం? తటస్థుడంటే గట్టున నిలబడ్డవాడు. మధ్యేవాది ఏట్లో దిగినవాడే.

అతనికీ సిద్ధాంతాలున్నాయి. మార్కెట్ ఉండాలి, అందులో నష్టపోయినవాళ్లకు ప్రభుత్వ ఆసరా కూడా ఉండాలి. మార్పు మెట్టుమెట్టుగా రావాలి. ఎదుటి పక్షంతో ఒప్పందానికి రావడం ద్రోహం కాదు.

ప్రశ్న: అంటే చెరి సగం తీసుకోవడమేగా?

జవాబు: కాదండీ, ఈ అపోహ పోవాలి. ఒక పక్షం ఇంకా దూరం జరిగితే నడిమి బిందువూ జరుగుతుంది. దాని వెంట పరిగెత్తేవాడికి సొంత వాదం లేనట్టే. కోర్టులు స్వతంత్రంగా ఉండాలా వద్దా అన్నచోట సగం ఎక్కడుంది? మధ్యస్థ ఓటరు (ఓటర్లను ఎడమ నుంచి కుడికి వరుసగా నిలబెడితే సరిగ్గా నడుమ ఉండేవాడు) కోసం పార్టీలు నడిమికి జరుగుతాయని 1957లో అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ వివరించింది ఎన్నికల లెక్క. దాన్ని మధ్యేవాదంతో కలపకండి.

ఇంకొకటి. పార్టీ పేరులో ‘సెంటర్’ ఉంటే అనువదించకుండా అలాగే ఉంచండి, పేరు సిద్ధాంతాన్ని చెప్పకపోవచ్చు. ఫిన్లాండ్‌లో ఆ పేరున్నది 1965 దాకా రైతుల పేరుతో నడిచిన పార్టీ. ‘కేంద్రవాది’ అని మాత్రం రాయొద్దు, పాఠకులు కేంద్ర ప్రభుత్వ సమర్థకుడు అనుకుంటారు.