‘స్కించ్’ అంటే ‘తూచ్’ అనొచ్చా?

పెన్నా ఇసుక:
అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది, తలా ఒక చెయ్యి వేయండి.

నేనుండేది ఇంగ్లండు ఈశాన్యాన డర్హమ్ కౌంటీలో. ఇక్కడి లైబ్రరీలో పెద్దవాళ్లు కొందరు చేరి చిన్ననాటి కబుర్లు చెప్పుకుంటుంటారు. ఎక్కువమంది బొగ్గుగని ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లే. వాళ్లను అడిగి, పేర్లు తీసేసి, ఆ కబుర్లు తెలుగులో రాస్తున్నాను. 1950లలో తాము ఆడిన ఆటల గురించి ఒకావిడ చెప్పిన ముక్క ఇది:

“సోమవారం బట్టలుతికే రోజు. రెండు వరసల ఇళ్లకీ నడుమ వెనక సందు. ఈ గోడకీ ఆ గోడకీ తాళ్లు కట్టి దుప్పట్లు ఆరేసేవాళ్లు. మేం ఆ తడి దుప్పట్ల కింద నుంచి దూరి పరిగెత్తేవాళ్లం. సందులోనే బొగ్గు కుప్పలు కూడా ఉండేవి కదా, అందరి చేతులూ నల్లగానే ఉండేవి. దుప్పటి మీద ఒక్క వేలిముద్ర పడిందా, ఎవరి పిల్ల అని కూడా చూడకుండా ఎవరో ఒకరు వీపు మీద ఒకటి వేసేవారు. ఓసారి మా అన్న తరుముతుంటే నా బూటు లేసు ఊడింది. రెండు వేళ్లు మెలేసి చెయ్యెత్తి ‘స్కించ్’ అన్నాను. ఠక్కున ఆగిపోయాడు. నేను ముడి వేసుకునేదాకా నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. నేను కావాలనే మెల్లగా వేశాను.”

ఈ ‘స్కించ్’కి ‘తూచ్’ అని పెడదామనుకుంటున్నాను. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది. మీరేమంటారు?

చింతపిక్కలు:
మీ ఆవిడకే నా ఓటు. తూచ్ అంటే జరిగినదాన్ని చెరిపేయడం. “తూచ్, నేనింకా రెడీ అవలేదు” అంటే నన్ను పట్టుకోవడం లెక్కలోకి రాదు, మళ్లీ మొదట్నుంచీ ఆడాలి అని. స్కించ్ జరిగినదాని జోలికి పోదు, జరగబోయేదాన్ని ఆపుతుంది. మీ కథలో ఆ పిల్ల తూచ్ అంటే వాళ్లన్న “దేనికి తూచ్? నిన్నింకా ముట్టుకోనేలేదుగా” అనడూ? పైగా మన తూచ్ పెద్దయ్యాక కూడా మనల్ని వదల్లేదు. నిన్న అన్నమాట ఇవాళ కాదంటే “అదంతా తూచ్” అనేస్తాం. అలాంటి చోట స్కించ్ పనికొస్తుందా?

పెన్నా ఇసుక:
రాదండి. ఆవిడని అడిగాను కూడా. అది ఆటలో తప్ప ఎక్కడా అనేవాళ్లం కాదంది.

ఖమ్మం గుమ్మం:
మేమైతే “టైం ప్లీజ్” అనేవాళ్లం. చెప్పు తెగినా, దాహమేసినా, అమ్మ పిలిచినా టైం ప్లీజ్. అన్నాక కూడా వచ్చి అంటుకుంటే అది తొండి. ఇక ఆరోజు ఆటే ఉండదు.

పెన్నా ఇసుక:
అన్నా, పని సరిగ్గా అదే. కానీ డర్హమ్ గనికార్మికుడి కూతురు 1950లలో “టైం ప్లీజ్” అంటే మన సెలవుల క్రికెట్‌లా వినిపిస్తుంది. పైగా అందులో ‘ప్లీజ్’ ఉంది. స్కించ్‌లో బతిమాలడం లేదు, అది హక్కు.

అచ్చుతప్పు:
ఆలస్యంగా వచ్చాను, కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఈ ఒక్క మాట మీద బ్రిటన్‌లో పెద్ద పనే జరిగింది. ఐయోనా ఓపీ, పీటర్ ఓపీ అని భార్యాభర్తలు. యూనివర్సిటీ ప్రొఫెసర్లు కారు, ఇంటి దగ్గరే కూర్చుని పిల్లల పాటలూ ఆటలూ పోగుచేసినవాళ్లు. 1950లలో సుమారు 70 బళ్ల నుంచి 5,000 మంది పిల్లల మాటలు సేకరించి, 1959లో పుస్తకంగా వేశారు. అందులో ఆట ఆపే మాటలకి ఏకంగా ఒక మ్యాపు ఉంది! పెద్దవాళ్లు దేశాన్ని కౌంటీలుగా, నియోజకవర్గాలుగా పంచుకుంటే పిల్లలు దాన్ని తమ లెక్కన వేరేగా పంచుకున్నారు. డర్హమ్, న్యూకాజిల్ వైపు ‘స్కించ్’. కాస్త కిందికి దిగి యార్క్‌షైర్, లింకన్‌షైర్ వైపు వస్తే ‘కింగ్స్’, కొన్నిచోట్ల ‘క్రాసెస్’. లండన్, ఆగ్నేయంలో ‘ఫైనైట్స్’. పశ్చిమాన వేల్స్ సరిహద్దు పొడుగునా, స్కాట్లండు తూర్పున ‘బార్లీ’. గ్లాస్గో వైపు ‘కీస్’. బ్రిస్టల్, దక్షిణ వేల్స్‌లో ‘క్రీ’. డబ్బున్న పిల్లలు చదివే ప్రైవేటు బళ్లలో మాత్రం ఊరేదైనా ‘పాక్స్’. లాటిన్‌లో శాంతి అని అర్థం. అంటే ఆటలో కూడా ఎవరు ఏ బడి పిల్లలో తెలిసిపోయేదన్నమాట.

మాట మారినా సైగ చాలాచోట్ల ఒకటే, మీ ఆవిడ చేసినట్టే వేళ్లు మెలేయడం. స్కాట్లండులో కొన్నిచోట్ల బొటనవేలు పైకి ఎత్తేవారు.

చింతపిక్కలు:
‘మీ ఆవిడ’ అంటే ఏ ఆవిడండీ? ఇంట్లో ఆవిడా, లైబ్రరీ ఆవిడా? 🙂

అచ్చుతప్పు:
లైబ్రరీ ఆవిడే తల్లీ! నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

ఈ మాటల వయసు చూస్తే మతిపోతుంది. ‘ఫైనైట్స్’కి మూలం పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ‘ఫైన్’ అనే క్రియ, వెనక్కి తగ్గడం, తప్పుకోవడం అని అర్థం. దీని గుట్టు ఓపీ దంపతులకు విప్పింది ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ టోల్కీన్. హాబిట్ల కథలు రాసిన ఆయనే. 14వ శతాబ్దపు ఇంగ్లీషులో బతికిన మాట, పెద్దవాళ్ల నోట చచ్చిపోయి, లండన్ వీధిపిల్లల నోట ఇరవయ్యో శతాబ్దం దాకా నిలిచింది.

‘బార్లీ’ కథా అంత పాతదే. 14వ శతాబ్దం చివర గవేన్ అనే యోధుడి మీద రాసిన ఇంగ్లీషు కావ్యంలో ఆకుపచ్చ యోధుడు ఆర్థర్ రాజు సభకొచ్చి పందెం పెడతాడు. ఇప్పుడు నువ్వు గొడ్డలితో నన్ను కొట్టు, ఏడాది మీద ఒకరోజు గడిచాక నేను నిన్ను కొడతాను అని. ఆ ఒప్పందం చెప్పేటప్పుడు ‘బార్లే’ అంటాడు. దాని అర్థం దగ్గర పండితులు ఇప్పటికీ తగవు పడుతూనే ఉన్నారు. కొందరు ‘పార్లే’తో ముడిపెడతారు, అంటే యుద్ధం ఆపి మాట్లాడుకోవడం. పిల్లలు అనే బార్లీ, యోధుడు అన్న బార్లే ఒకటేనని ఒట్టేసి చెప్పలేం. కానీ తల తెగే పందెంలోనూ, బూటు లేసు ఊడిన ఆటలోనూ అదే మాట పలికితే ఆ అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

మూడో బెంచీ:
బ్రిస్టల్ నుంచి నా వాటా. మా పక్కింటి తాతగారు ఎనభై దాటినవారు. ఇది చదివి వెళ్లి “చిన్నప్పుడు ఆట ఆపాలంటే ఏమనేవారు?” అని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “క్రీ!” అన్నారు, వేళ్లు వాటంతటవే మెలిపడ్డాయి. తర్వాత అంత చప్పుడుగా అన్నందుకు కొంచెం సిగ్గుపడ్డారు కూడా. మా అబ్బాయి మాత్రం ఇక్కడి బళ్లో ‘పాజ్’ అంటాడట. వీడియో గేమ్ బటన్!

ఖమ్మం గుమ్మం:
అయితే మన ‘టైం ప్లీజ్’కి ఏం తక్కువ? అదీ ఇంకో ఆటలోంచి వచ్చిందే.

చింతపిక్కలు:
మాట సంగతి సరే, మన దగ్గర ఆ ఏర్పాటు మాత్రం వేరే రూపంలో ఉంది. నేలా బండా గుర్తుందా? బండ ఎక్కి నిలబడ్డవాణ్ణి ముట్టుకోకూడదు. నోరు విప్పనక్కర్లేదు, కాలు ఎక్కడుందో చూసుకుంటే చాలు. ఇంకొకటి, ఆటలో అరటిపండు. ఏడుస్తారని చంటిపిల్లల్ని చేర్చుకుంటాం, వాళ్లు అవుటైనా అవుట్ కారు. అంటే మనవాళ్లు రక్షణని చోటుకో మనిషికో ఇచ్చారు. ఆ డర్హమ్ పిల్లలు మాటకిచ్చారు. అందుకే ఎంత వెతికినా ఒక్కమాట దొరకడం లేదు.

పెన్నా ఇసుక:
ఇది బాగుంది! నేలా బండా లాంటిది ఇక్కడా ఉంది. గోడో మెట్టో ఎక్కితే ముట్టుకోకూడదు. చిత్రమేమిటంటే తరిమేవాణ్ణి వీళ్లు ‘ఇట్’ అంటారు, ఏదో వస్తువులా. లండన్ వైపు ‘హీ’ అని కూడా అనేవారట. మనం మాత్రం ‘దొంగ’ అంటాం. పంటలు వేసి, పండినవాళ్లందరూ పక్కకి తప్పుకోగా మిగిలినవాడు దొంగ. తరిమేవాడు దొంగేమిటో, పారిపోయేవాళ్లు దొరలేమిటో!

అచ్చుతప్పు:
ఆ చర్చ వేరే పెట్టండి బాబూ, ఇక్కడ మొదలైతే తెల్లారిపోతుంది. ఇంతకీ ఆవిడది ఏ ఊరు? వీలైతేనే చెప్పండి.

పెన్నా ఇసుక:
పేరు చెప్పను, ఆవిడ ఇష్టం. ఇక్కడి ఊళ్ల పేర్లు మాత్రం ఒకసారి వింటే మరిచిపోలేరు. డర్హమ్ నగరం పక్కనే ‘పిటీ మీ’ అని ఊరుంది, అంటే అయ్యో అనమని ఊరే అడుగుతోంది. ఇంకో ఊరి పేరు ‘నో ప్లేస్’. “మీదేవూరు?” “ఏవూరూ కాదు.”

ఆవిడ ఊరిప్పుడు దాదాపు లేదు. 1951లో డర్హమ్ కౌంటీ కౌన్సిల్ ఒక ప్లాను వేసింది. ఊళ్లన్నిటికీ ఏ, బీ, సీ, డీ అని గ్రేడులిచ్చింది. గని మూతపడ్డ, పడబోతున్న ఊళ్లు చాలావరకు డీలో పడ్డాయి. 114 ఊళ్లు. డీ అంటే ఇక కొత్త ఇళ్లు కట్టరు, పెట్టుబడి పెట్టరు. పాత ఇళ్లు పాడైన కొద్దీ పడగొట్టి, జనాన్ని వేరేచోటికి తరలిస్తారు. పీటర్లీ లాంటి కొత్త పట్టణాలు అప్పటికే కడుతున్నారు. పీటర్ లీ అనే గనికార్మిక నాయకుడి పేరే దానికి పెట్టారు. ఊళ్లవాళ్లు ఊరుకోలేదు, గట్టిగా పోరాడారు, చాలా ఊళ్లు బతికిపోయాయి కూడా. ఆవిడ వాళ్ల వరస మాత్రం పోయింది.

కొత్త ఇంట్లో లోపలే స్నానాలగది, వేడినీళ్లు. వాళ్లమ్మ సంబరపడిపోయిందట. అదీ రాశాను, దాచలేదు. గని ఊరి బతుకు బంగారమన్నట్టు రాస్తే ఆవిడే ఒప్పుకోదు. కొత్తచోట ఇళ్ల మధ్య వెనక సందు మాత్రం లేదు. ముందు తోట, దాని ముందు రోడ్డు, రోడ్డు మీద కార్లు. “మేం స్కించ్ అంటే అన్న ఆగేవాడు, కారు ఆగదుగా” అంది.

మూడో బెంచీ:
పిల్లలు వీధిలో ఆడుకోవడానికి కొన్ని వీధుల్లో బళ్లు రాకుండా ఆపొచ్చని 1938లోనే ఇక్కడ చట్టం చేశారు. అప్పటికే కార్ల బాధ మొదలైందన్నమాట.

ఖమ్మం గుమ్మం:
నా చివరి ప్రయత్నం: ‘ఆగాట’. ఆగు, ఆట, కలిపేశాను.

చింతపిక్కలు:
అన్నా, మీరు ‘ఆగాట’ అని మొత్తం పలికేలోపు దొంగ మిమ్మల్ని పట్టేసుకుంటాడు. ఈ మాటలన్నీ చూడండి, స్కించ్, క్రీ, కింగ్స్. పరిగెత్తుతూ ఒక్క ఊపిరిలో అనగలిగేవే.

అచ్చుతప్పు:
నా మాటగా చెబుతున్నాను, ‘స్కించ్’నే ఉంచేయండి. దాన్ని తీసేస్తే ఆ పిల్లది డర్హమో, బ్రిస్టలో కూడా తెలియకుండా పోతుంది. అర్థం కాదేమోనని భయం అక్కర్లేదు. వేళ్లు మెలేసింది, అన్న ఆగాడు, ముడి వేసుకుంది. తెలుగు పిల్లవాడు చదివినా టక్కున పట్టేస్తాడు. కింద ఫుట్‌నోట్ మాత్రం వద్దు, ఆట మధ్యలో మాస్టారొచ్చినట్టుంటుంది.

పెన్నా ఇసుక:
ఖాయం చేశాను. స్కించ్ ఉంటుంది, ఫుట్‌నోట్ ఉండదు. ఇంట్లో ఓడిపోయానని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. ఆవిడ తర్వాతి కథలో ‘నెట్టీ’ వస్తుంది. ఇంటి వెనక పెరటి చివర, సందు గోడని ఆనుకుని ఉండే మరుగుదొడ్డి. చలికాలం రాత్రి లాంతరు పట్టుకుని వెళ్లాలి, తమ్ముడు తలుపు బయట కాపలా. ‘మరుగుదొడ్డి’ అంటే మరీ గవర్నమెంటు బోర్డులా ఉంది.

చింతపిక్కలు:
దీనికి ఇంత ఆలోచనేమిటండీ? మా అమ్మమ్మగారింట్లో పెరటిని ‘దొడ్డి’ అనేవారు. ఆ పనికి వెళ్లడాన్నీ ‘దొడ్డికెళ్లడం’ అనేవారు. పెరడూ, పనీ రెండూ ఒక్కమాటలో వచ్చేశాయి. “నెట్టీకెళ్లాలి, తోడు రా” అన్నచోట “దొడ్డికెళ్లాలి, తోడు రా” అని పెట్టేయండి.

ఖమ్మం గుమ్మం:
ఆ తమ్ముడు బయట నిలబడి దయ్యం కథలు చెప్పి భయపెట్టేవాడా, లేదా? అది ముందు అడగండి.

పెన్నా ఇసుక:
చెప్పేవాడట. లాంతరు కూడా వాడి చేతిలోనే ఉండేదట.