మూలధన సంచయనమా, మూలధన కల్పనా? తేనెటీగ పద్యం దగ్గర ఆగిన సందేహం

అనువాదకుడు: జాతీయాదాయ గణాంకాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. దేశంలో ఒక ఏడాదిలో కొత్తగా సమకూరిన భవనాలు, రహదారులు, యంత్రాల విలువను కొందరు ‘స్థిర మూలధన సంచయనం’ అని, మరికొందరు ‘స్థిర మూలధన కల్పన’ అని రాస్తున్నారు. మొదటి మాట రాయబోతే ‘తేనెటీగ గూర్చి తెరువరి కియ్యదా’ (తేనెటీగ కూడబెట్టి దారినపోయేవాడికి ఇచ్చేయదా) అన్న వేమన పాదం గుర్తుకొచ్చి కలం ఆగిపోతోంది. కూర్చినదంతా మూలధనమేనా? ఇంతకూ పాదం సరిగ్గానే గుర్తుందా?

ఛందోభిమాని: ‘తేనె నీగ గూర్చి’ అన్న పాఠం కూడా ఉందండీ. ‘టీ’ అన్నా ‘నీ’ అన్నా ఆటవెలది గణాలు సరిపోతాయి, తే-తె యతి చెడదు. కాబట్టి ఈ అక్షరాన్ని తేల్చవలసింది అన్వయమే. ‘టీ’ అయితే ఈగ కూర్చినదేమిటో చెప్పే మాట పాదంలో ఉండదు. ‘నీ’ అయితే ‘తేనెన్ + ఈగ’ అని కర్మ, కర్త రెండూ దొరుకుతాయి. నా ఓటు ‘నీ’కే.

అర్థశాస్త్ర అధ్యాపకురాలు: ఏ పాఠం తీసుకున్నా, ఆ పద్యం తప్పుపట్టినది ‘తాను దినక లెస్స దాచుకొనగ’ అన్న పనిని. దాచుకోవడం పొదుపు, మూలధనం ఏర్పడాలంటే ఆ పొదుపు కర్మాగారంగానో, కాలువగానో, కనీసం ఒక పాడిపశువుగానో మారాలి. మన దేశ లెక్కల్లో స్థూల మూలధన కల్పనలో సరుకు నిల్వల మార్పుతోపాటు బంగారం వంటి విలువైన వస్తువుల కొనుగోలూ కలుస్తుంది. స్థిర మూలధన కల్పనలో ఆ రెండూ ఉండవు. వేమన పద్యం అడ్డుపడేది మొదటి లెక్కకే కాని రెండవదానికి కాదు.

అనువాదకుడు: ‘సంచయనం’ అనగానే తెలుగువారికి అస్థి సంచయనం స్ఫురిస్తుంది. ఉన్నదాన్ని ఏరి పోగుచేయడమే తప్ప లేనిదాన్ని పుట్టించడం ఆ మాటలో వినిపించదు.

ఛందోభిమాని: ‘కల్పన’ అంటే కట్టుకథ కూడా కదా?

అధ్యాపకురాలు: ‘ఉపాధి కల్పన’, ‘మౌలిక సదుపాయాల కల్పన’ అన్నప్పుడు కట్టుకథ ఎవరికీ గుర్తురాదు. నాకు అసలు చిక్కు ఏటేటా వచ్చే మార్పును చెప్పే వాక్యంలో కనిపిస్తుంది. 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో స్థిర మూలధన కల్పన అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే దాదాపు 47 శాతం తగ్గిందని తొలి అంచనాలు చెప్పాయి. దీన్ని ‘మూలధన సంచయనం 47 శాతం తగ్గింది’ అని రాస్తే, దేశంలోని వంతెనలు, యంత్రాలు సగం మాయమైనట్టు పాఠకుడు భ్రమపడతాడు. తగ్గినది పోగు కాదు, ఆ మూడు నెలల్లో పోగుకు కొత్తగా చేరిన భాగం. పోగు నిజంగా తరిగిందో లేదో తెలియాలంటే స్థూలంలోంచి తరుగుదల, అంటే వాడకంలో అరిగిపోయిన విలువ, తీసివేసి నికరాన్ని చూడాలి. ఆ నికరం సున్నా కంటే పైన ఉన్నంతకాలం వృద్ధిరేటు ఎంత పడిపోయినా పోగు పెరుగుతూనే ఉంటుంది. తరువాతి ఏడాది, 2021-22లో కనిపించిన రెండంకెల వృద్ధి వెనుక, పోలికకు తీసుకున్న అంతకుముందు ఏడాది అంకె దిగువకు జారి ఉండటం పాత్ర చాలా ఉంది. ఈ తేడా చెప్పగలిగే మాట కావాలి. అందుకే నేను ‘కల్పన’ వైపు ఉన్నాను.

ఛందోభిమాని: అయితే వేమన మాటనే తీసుకోండి. ‘కూర్చు’ అన్న క్రియలో పోగుచేయడమూ ఉంది, దండ కూర్చినట్టు ఒకటిగా నిర్మించడమూ ఉంది. ‘మూలధన కూర్పు’ అంటే అచ్చతెలుగులో రెండర్థాలూ అందుతాయి.

అధ్యాపకురాలు: ‘కూర్పు’ ఇప్పటికే మరో పనిలో ఉందండీ. ఒక సంస్థ మూలధనంలో అప్పు ఎంత, వాటా ఎంత అన్నదాన్ని మూలధన కూర్పు అనే అంటున్నాం.

ఛందోభిమాని: అది తరువాత వచ్చిన వాడుక. ‘గూర్చి’ అంతకుముందే పద్యంలో ఉంది. ‘నీగ’ పాఠం ఒప్పుకుంటే తేనె ఆ క్రియకే కర్మ అవుతుంది, నా వాదానికి బలమూ వస్తుంది.

అనువాదకుడు: ‘టీగ’ పాఠంలోనూ ఆ బలం పోదనుకుంటాను. వ్యాసంలో ప్రస్తుతానికి ‘కల్పన’ అని రాసి, ‘ఈ ఏడాది కొత్తగా’ అన్న మాటలు ప్రతి అంకె పక్కనా ఉంచుతున్నాను.